వాన ప్యాంటుకి ముందు గోచికట్టు

సైకిలు మీద దూరప్రయాణాలు చేసేవాళ్లు రాసిన పుస్తకాల్లో వాన ప్యాంటు ఎంపిక సామాన్ల జాబితాలో ఒక వరుస మాత్రమే. నీళ్లు ఎంతవరకు ఆపుతుంది, బరువెంత, మడిస్తే ఎంత చోటు పడుతుంది – అంతటితో సరి. నాకు మాత్రం అది ఒక అధ్యాయానికి సరిపడా పని పెట్టింది.

నెల్లూరు తీరంలో బకింగ్‌హామ్ కాలవని ఆనుకుని ఉన్న ఊళ్లలో నాట్ల పాటలు సేకరించాలనుకున్నాను. కారులో పోతే ఊరు మనల్ని చూస్తుంది గాని మనతో మాట్లాడదు. బస్సు అన్ని ఊళ్లకీ రాదు. అందుకని సైకిలు. నాట్లు పడేటప్పుడే పాటలు. పెన్నా డెల్టాలో ముఖ్యమైన నాట్లు జూన్, జూలైలలో పడవు. ఇక్కడికి వానలు తెచ్చేది ఈశాన్య రుతుపవనాలు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. తుపానులూ అప్పుడే. 1984 నవంబరులో శ్రీహరికోట దగ్గర, 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన రెండూ ఇక్కడి పెద్దవాళ్లకి వయసులూ పెళ్లిళ్లూ లెక్కగట్టుకోడానికి పనికొస్తాయి. 2015, 2021 నవంబరు వరదలు చదువుకునే పిల్లలకీ గుర్తే. కాబట్టి ఎండ కాసే వారం చూసుకుని బయల్దేరదామంటే పాటలుండవు.

నెల్లూరులో నాలుగు షాపులు తిరిగాను. చొక్కా, ప్యాంటు విడివిడిగా ఉండే రెయిన్‌కోట్లన్నీ మగవాళ్ల కొలతలవే. నడుము నాకు సరిపోతే పిరుదుల దగ్గర పట్టదు, అక్కడ పడితే నడుము జారుతుంది. ‘ఆడోళ్లకి పొడుగు కోటు ఉంది గదా మేడమ్’ అన్నాడు షాపబ్బాయి. ఉంది, నైటీలాగా మెడ నుంచి పిక్కల దాకా. తొక్కడం మొదలుపెడితే మోకాళ్ల దగ్గర విచ్చుకుని వాననంతా తొడల మీదికి తెస్తుంది, అంచు పోయి చెయినులో పడుతుంది. ఆ కోటు కత్తిరించినవాడి ఊహలో ఆడమనిషి బస్టాపులో నిలబడి ఉంది, లేదా ఎవరి వెనకో కూర్చుని ఉంది. తొక్కుతూ లేదు.

ఈ ఊహ చట్టంలోనూ కనిపిస్తుంది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 123వది, మోటారు సైకిలు వెనక కూర్చునేవాళ్ల బట్టలు చక్రంలో పడకుండా వెనక చక్రాన్ని కనీసం సగం కప్పే కవచం ఉండాలంటుంది. మనం చీర గార్డు అనేది అదే. నియమంలో ఆడా మగా అని లేదు. చీర అని పేరు పెట్టింది జనం. ప్రాణాలు కాపాడే నియమమే, కాదనను. కానీ వేలాడే బట్ట ఉండే చోటు వెనక సీటని అందరికీ ముందే తెలుసన్నమాట.

పడమటి దేశాల కథ మనం ఎక్కువగా చదువుకున్నదే, త్వరగా చెప్పేస్తాను. పారిస్‌లో ఆడవాళ్లు పోలీసుల అనుమతి లేకుండా ప్యాంటు వేసుకోరాదని 1800లో ఆజ్ఞ వచ్చింది. 1892, 1909 సర్క్యులర్లు దాన్ని సడలించాయి – చేతిలో గుర్రం కళ్లెమో సైకిలు హ్యాండిలో ఉంటే తప్పు లేదట! ఆ ఆజ్ఞ ఇక చెల్లదని ఫ్రాన్స్ ప్రభుత్వం ప్రకటించింది 2013లో. ఇంగ్లండులో 1898లో లేడీ హార్బర్టన్ సైకిలు మీద, స్కర్టు కాకుండా వదులు నిక్కరు వేసుకుని ఆకమ్ అనే ఊరి హోటలుకి పోతే, మర్యాదస్తుల గదిలోకి రానివ్వకుండా సారా కొట్టు పక్క గది చూపించారు. మరుసటి ఏడు కోర్టులో కేసు ఓడిపోయింది. ఆ హోటలు నడిపేది కూడా ఆడమనిషే కావడం గమనించాలి. అంతకుముందే, 1895లో, ఆలిస్ బైగ్రేవ్ అనే లండను దర్జీ, స్కర్టు కుట్లలో చిన్న కప్పీలూ తాడూ అమర్చి, లాగితే పైకి పోయే స్కర్టుకి పేటెంటు తీసుకుంది. సైకిలు దిగగానే తాడు వదిలేస్తే మళ్లీ మర్యాద. నాకు వీళ్లందరికంటే దగ్గరగా అనిపించినవాళ్లు 1896లో న్యూయార్కులో వానరోజు క్లబ్బు పెట్టుకున్న ఆడవాళ్లు. వాళ్లు అడిగింది ఓటు కాదు, ప్యాంటు కూడా కాదు. వాన పడినప్పుడు బురద తగలనంత పొట్టి స్కర్టు వేసుకుని వీధిలో నడిచే వీలు. పత్రికలు వాళ్లకి ఎగతాళి పేర్లు పెట్టాయి.

ఈ పోరాటాల సారాంశం ఒకటే – ఆడదానికి రెండు కాళ్లున్న సంగతి బట్టలో కనపడవచ్చునా, లేదా? ఇక్కడ నాకొక చిక్కు వచ్చింది. మనకి ఆ ప్రశ్న అలా లేదు. గోచి పోసి కట్టిన చీర కాళ్లని ఎప్పుడో విడదీసింది. మడి కట్టుకుని వంటింట్లో తిరిగిన పెద్దావిడా, మోకాటి లోతు బురదలో నాట్లు వేసిన కూలీ మనిషీ, చేపల గంప ఎత్తుకుని నడిచిన మనిషీ, కులానికో తీరుగా, గోచి పోసినవాళ్లే. లోపావడా, జాకెట్టు, ముందు కుచ్చిళ్లతో కాళ్లు రెండూ ఒకే గుడ్డలో మూసేసే కట్టు ‘చదువుకున్న ఇంటి’ గుర్తుగా స్థిరపడింది పంతొమ్మిదో శతాబ్దం చివర నుంచి. బెంగాలులో జ్ఞానదానందినీ దేవి లాంటివాళ్లు బయటికి రావడానికి తగిన కట్టు వెతికిన కాలమది. ఆ కట్టు ఆడవాళ్లని సభలకీ బళ్లకీ తీసుకొచ్చింది నిజమే. కానీ సైకిలు మన ఊళ్లకి వచ్చేసరికి, దాన్ని కొనగలిగిన ఇళ్లలో ఆడవాళ్ల కాళ్లు కుచ్చిళ్లలో ఉన్నాయి. గోచికట్టు మిగిలినవాళ్ల దగ్గర సైకిలు కొనే డబ్బు లేదు. మన స్త్రీల సైకిలు చరిత్ర ఆలస్యానికి ఆచారమొక్కటే కారణమని రాసేవాళ్లతో నాకు పేచీ ఇక్కడే. వర్గానికీ కట్టుకీ మధ్య జరిగిన ఈ బదిలీని వాళ్లు చూడరు.

సైకిలు పేదింటి ఆడవాళ్ల చేతికి గుంపుగా అందిన ఘట్టం మనకి దక్షిణంగా, తమిళనాడు పుదుక్కోట్టైలో జరిగింది. 1991లో అక్షరాస్యతా ఉద్యమంలో భాగంగా, షీలా రాణి చుంకత్ కలెక్టరుగా ఉండగా, ఆడవాళ్లు వేలల్లో తొక్కడం నేర్చారు. పి. సాయినాథ్ దీని గురించి రాస్తూ, కొందరు మగవాళ్ల సైకిలే మేలన్నారని, అడ్డకడ్డీ మీద బిడ్డని కూర్చోబెట్టుకోవచ్చని వాళ్ల లెక్క అని చెప్తాడు. స్కర్టు కోసం కడ్డీ కిందికి వంచిన లేడీస్ సైకిలు వాళ్లకి అక్కర్లేకపోయింది! అదే కాలంలో నెల్లూరు జిల్లాలో అక్షరదీపం రాత్రి బళ్లు నడిచాయి. ఇక్కడ చదువు సారా మీదికి మళ్లింది. దూబగుంట ఆడవాళ్లు మొదలుపెట్టింది 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా నిషేధం దాకా పోయింది. వాళ్లు నడిచే వెళ్లారు.

ఇక తడి సంగతి. ఆడదాని తడి బట్ట మీద మన సినిమాకి సొంత శాస్త్రముంది. 1979 నాటి ‘వేటగాడు’ తర్వాత వానపాట లేకుండా పెద్ద హీరో సినిమా ఊహించడం కష్టమైంది. తడిసిన గుడ్డ ఒంటికి అంటుకుంటే అది చూసేవాడి ఆస్తి. అందుకే వాన వస్తే మగవాడు తడుస్తూ పోతాడు, ఆడమనిషి చూరు కింద ఆగుతుంది. జలుబు భయం ఇద్దరికీ సమానమే. నాట్లు వేసేవాళ్లకి మాత్రం ఆగే వీలు లేదు. వెనకటికి తాటాకు గిడుగు ఉండేది, ఇప్పుడు యూరియా సంచి మడిచి తలమీదుగా వేసుకుంటారు, లేదంటే ప్లాస్టిక్ పట్టా నడుముకి చుట్టుకుంటారు. చీర మీద మొగుడి పాత ఫుల్‌చేతుల చొక్కా. ఆ మగ చొక్కాని ఎవరూ ప్రశ్నించరు, అది కూలి బట్ట. నా మగ ప్యాంటుని మాత్రం విడవలూరు దగ్గర ఒక పెద్దావిడ నిలదీసింది: ‘ఏందమ్మే, చదువుకున్నదానివి, ఆ ప్లాస్టిక్ లాగేంది?’ ఆమె నడుముకి చుట్టుకున్నదీ ప్లాస్టిక్కే. ఇద్దరం నవ్వుకున్నాం.

ఎంపిక దగ్గరికి వస్తాను. నీళ్లు రానీయకుండా చెమట ఆవిరిని బయటికి పంపే పొరని బాబ్ గోర్ 1969లో కనిపెట్టాడు. 1976 నుంచి అది గోర్‌టెక్స్ పేరుతో బట్టల్లోకి వచ్చింది. లోపలి కంటే బయట గాలి చల్లగా, పొడిగా ఉంటేనే ఆవిరి అటు కదులుతుంది. నవంబరు వానలో నెల్లూరు గాలి వెచ్చగా ఉంటుంది, తేమతో నిండి ఉంటుంది. అంత ఖరీదు పెట్టినా లోపల చెమటతో తడుస్తాం, బయట వానతో తడిసినట్టే. 1823లో మాకింతోష్ పేటెంటు తీసుకున్న రబ్బరు గుడ్డకీ దీనికీ మన తీరంలో తేడా తక్కువ. ఇక్కడ గుడ్డ కంటే కత్తిరింపు ముఖ్యం. సీటు మీద ఒత్తిడి పడే చోట కుట్టు ఉండకూడదు, మొదట కారేది అక్కడే. చెయిను వైపు పిక్క దగ్గర పట్టీ ఉండాలి. చెప్పులు విప్పకుండా తొడుక్కునేలా కింద జిప్పు. ఇంకొకటి, ఏ పుస్తకమూ రాయనిది: మగ ప్యాంటుకి ముందు జిప్పు ఉంటుంది, మనకి అది దేనికీ పనికిరాదు. మూత్రానికి పోవాలంటే రొయ్యల చెరువు గట్టు మీద, వానలో, మొత్తం విప్పాలి. నెలసరి రోజుల్లో తడి ప్యాడుతో ఇరవై కిలోమీటర్లు తొక్కితే తొడలు ఒరుసుకుపోవడం వేరే కథ.

చివరికి ఆటోలకి టాపులు కుట్టే షాపులో కుట్టించుకున్నాను. తొడల మధ్య కుట్టు నాలుగు దిక్కులా కలవకుండా నలుచదరపు ముక్క అతికించమన్నాను. పక్కలు నడుము దాకా తెరుచుకుంటాయి, పట్టీలతో మూసుకుంటాయి. నడుముకి ఎలాస్టిక్ కాదు, బొందు. గాలి ఆడేలా వెనక మోకాళ్ల మడతల దగ్గర పైముక్క కింద రెండు చీలికలు. పరిచి చూస్తే అది ప్యాంటులా ఉండదు, కాళ్ల మధ్య నుంచి తీసి వెనక దోపుకునే గుడ్డకి దూరపు చుట్టంలా ఉంటుంది.

దాన్నేసుకుని అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట వైపు తిరిగిన రోజుల్లో బడి పిల్లలు తరచూ ఎదురయ్యేవాళ్లు. 2017లో మన రాష్ట్రంలో ‘బడికొస్తా’ పేరుతో ప్రభుత్వ బళ్లలో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకి సైకిళ్లిచ్చారు. బీహారులో 2006లో మొదలైన ఇలాంటి పథకం హైస్కూలుకి పోయే ఆడపిల్లల సంఖ్య బాగా పెంచిందని అధ్యయనాలున్నాయి. సైకిలుతో రెయిన్‌కోటు రాదు. వాన మొదలవగానే కొందరు తుమ్మచెట్టు కింద ఆగిపోయేవాళ్లు. మిగిలినవాళ్లు పుస్తకాల సంచికి ప్లాస్టిక్ కవరు తొడిగి, చున్నీ మెడకి గట్టిగా చుట్టుకుని, తాము తడుస్తూ తొక్కేవాళ్లు.