కొవ్వుశాతము చూపు తూకపు యంత్రము

తనపై నిలిచిన మనుష్యుని బరువుతోపాటు అతని దేహమున కొవ్వు నూటికెంత పాలో అంచనాగట్టి చూపు గృహోపకరణమిది. జపానుదేశపు టానిటా సంస్థ 1990వ దశకమున దీనిని ఇండ్లలోనికి తెచ్చెను. మూలలనుండు భారగ్రాహకములు బరువును నిజముగనే తూచును. కొవ్వును మాత్రము ఈ యంత్రమెన్నడును కొలువదు. పాదములక్రింది లోహపు పలకలనుండి, మనకు స్పర్శయైన తెలియనంతటి స్వల్పవిద్యుత్తు ఒక కాలిగుండ నెక్కి వేరొక కాలిగుండ దిగును. కండలలో నీరు నూటికి డెబ్బది పాళ్ళకు మించియుండుటచే విద్యుత్తు వానియందు సులభముగ పారును, కొవ్వు దాని నడ్డగించును. ఆ నిరోధమునకు వయస్సు, ఎత్తు, స్త్రీపురుషభేదము జోడించి, తయారీదారు గోప్యముగ నుంచుకొనిన సూత్రముచే గణించిన ఫలమే మనకు కనబడు అంకె.

వేములవాడ రాజన్న సన్నిధిని నిలువెత్తు బెల్లము తూచి మొక్కు చెల్లించువారికి బరువొక్కటియే చాలును, వైద్యునకు చాలదు. పుణెనగర వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండను వైద్యుడు జాన్ యుడ్కిన్ ఇరువురును ఎత్తుబరువులనుండి గణించు బి.ఎం.ఐ. 22.3 గలవారేయైనను, కొవ్వు యుడ్కినునకు నూటికి 9.1, యాజ్ఞికునకు 21.2 ఉండెనని 2004లో లాన్సెట్ పత్రికయందు ప్రకటించిరి. సన్నని చేతులు, ముందుకు వచ్చిన పొట్ట గల మన దేహములకు ఇంతకన్న నిదర్శనము వేరొకటి వలదు.

ఉత్తర తెలంగాణమున ఈ యంత్రమునకు ప్రథమశత్రువు ఎండ. రామగుండము ఓపెన్‌కాస్టు గనిలో వేసవి షిఫ్టు ముగించుకొని చెమటోడ్చి వచ్చిన కార్మికుడు వెంటనే దానినెక్కెనేని, ఒంటినీరు తగ్గి నిరోధము హెచ్చుటచే, బరువు తగ్గినను కొవ్వు పెరిగినట్లు చూపవచ్చును! కావున ఉదయమున నిద్రలేచి, మూత్రవిసర్జనానంతరము, ఏమియు తినకమునుపు తూగవలెను. రాత్రి డ్యూటీవారికి వారు నిద్రలేచిన వేళయే ఉదయము. ఆదిలాబాదు చలికాలమున పొడిబారి చల్లబడిన పాదములును, పొలము పనులచే పగిలిన మడమలును, పసుపు లేక నూనె పూతయు అంకెను తారుమారు చేయును. పాదములు కడిగి, తుడిచి, వట్టికాళ్ళతో కదలక నిలువవలయును. ఒకనాటి అంకెకు విలువ లేదు. ఒకే వేళ తూగి కొన్ని వారములు వ్రాసిపెట్టుకొనిన వరుసకే విలువ.

యంత్రమును నునుపైన గ్రానైటు వంటి సమతలమున నుంచవలెను. ఎగుడుదిగుడు బండలపైనను, చాపపైనను బరువే తప్పును. తడిగుడ్డ పిండి తుడువవచ్చును గాని నీరు పోయరాదు, స్నానపుగదిలో విడువరాదు. తడికాళ్ళతో నెక్కినచో గాజుపలక జారును, అంచున నడుగిడిన ఒరగును. చిరకాలము వాడనిచో బ్యాటరీ తీయవలెను; బిళ్ళబ్యాటరీని పసివారు మ్రింగిన ప్రాణాపాయము. గుండెకు పేస్‌మేకరు అమర్చుకొనినవారు కొవ్వు చూపు తూకమును వాడనే కూడదు. గర్భిణులకు దాని అంకె నమ్మదగదు.

విద్యుత్తు కాళ్ళవెంటనే పోవుటచే, మిక్కిలి హానికరమగు పొట్టకొవ్వు ఈ యంత్రమునకు సరిగా చిక్కదు. దానికి దర్జీ టేపే మేలు: నడుము కొలత పురుషునకు 90, స్త్రీకి 80 సెంటీమీటర్లు దాటినచో, తూకమేమి చెప్పినను వైద్యుని కలియవలెను.