పాత కారు – ప్లాస్టిక్ వయసు

పాత కారు అనగానే మనమంతా తుప్పు సంగతే మాట్లాడుకుంటాము. తుప్పు పట్టిన రేకును కోసి అతుకు వేయవచ్చు. ముసలిదైన ప్లాస్టిక్‌ను మునుపటిలా చేయడమే కష్టం.

1907లో లియో బేక్లాండ్ అమెరికాలో బేకలైట్‌ను కనుగొన్నారు. ఒకసారి అచ్చులో గట్టిపడితే అది వేడికి మళ్ళీ కరగదు. అందుచేత కార్లలో స్విచ్చులకు, నాబులకు వాడారు. అయితే ఎండకు దాని మెరుపు పోతుంది. దెబ్బ తగిలితే పగులుతుంది.

1930లలో సెల్యులోజ్ ప్లాస్టిక్ స్టీరింగులు వాడుకలో ఉండేవి. లోపల ఉక్కు, పైన ప్లాస్టిక్. ఏళ్ళు గడిచేకొద్దీ ప్లాస్టిక్ కుంచించుకుపోతుంది, ఉక్కు మాత్రం అలాగే ఉంటుంది. అందుకే స్పోకుల దగ్గర పగుళ్ళు వస్తాయి.

తరువాతి కాలపు మెత్తని డాష్‌బోర్డుల పైపొర చాలావరకు పి.వి.సి.తో చేసినదే. దానిని మెత్తగా ఉంచే నూనెవంటి పదార్థం ఎండవేడికి ఆవిరై, ముందు అద్దానికి లోపలివైపు జిడ్డులా పడుతుంది. అది పోయేకొద్దీ పైపొర బిరుసెక్కి బీటలు వారుతుంది.

మన ఆఫీసుల ముందు ఏళ్ళ తరబడి నిలిచిన అంబాసిడర్ల తయారీ కూడా 2014లో ఆగిపోయింది. ఇంట్లో పాత కారు ఉన్నవారు దానిని నీడపట్టున ఉంచండి. పగిలిన భాగాన్ని మాత్రం పారవేయకండి. కొత్తది చేయించాలంటే కొలతకు అదే ఆధారం.