ఒడంబడికలు, మౌనాలు: ఫాసిస్టు రాజ్యాలతో క్రైస్తవ సంఘాల సంబంధాలు, నిజాం ఇలాకాలో వాటి జాడలు

ఫాసిస్టు రాజ్యం పౌరుడి దగ్గర పన్నుతోనో సైనిక సేవతోనో తృప్తి పడదు. బడిలో పాఠం, యువకుల ఆటలు, కూలీల సంఘం, పెళ్లి, చివరికి చావు ఊరేగింపు కూడా తన జెండా కిందికే రావాలంటుంది. బాప్తిస్మం నుంచి సమాధి దాకా మనిషికి తానే తోడని చెప్పే చర్చికి ఇది ముఖాముఖి పోటీ. అయినా 1922 తర్వాత ఇటలీలోనూ, 1933 తర్వాత జర్మనీలోనూ ఈ రెండింటి మధ్య ముందు జరిగింది యుద్ధం కాదు, ఒప్పందం. ఆ ఒప్పందాలు చర్చికి ఏమిచ్చాయి, దాని నోరు ఎక్కడ కట్టేశాయి అన్నది ఒక ప్రశ్న. ఆ దేశాల మిషనరీలు పనిచేసిన తెలుగు ప్రాంతాన్ని, అందులోనూ కరీంనగర్ జిల్లా ఉన్న హైదరాబాదు సంస్థానాన్ని ఆ వ్యవహారం ఎలా తాకిందన్నది రెండోది.

రాజ్యానికీ మతానికీ ఇచ్చిపుచ్చుకోవడాలు ఈ నేలకు కొత్తవి కావు. వేములవాడ చాళుక్యుల్లో మూడో అరికేసరి 966లో వేయించిన పర్భణీ తామ్రశాసనం, లేంబులపాటకంలోని, అంటే వేములవాడలోని, శుభధామ జినాలయం కోసం సోమదేవసూరికి ఒక గ్రామాన్ని ధారపోసింది. అది దానశాసనం. ఇచ్చేవాడు రాజు, పుచ్చుకునేవాడు ముని; షరతులు రాసుకునే సమానులు కారు. ఇరవయ్యో శతాబ్దపు రోము ఎంచుకున్న దారి వేరు. రెండు సార్వభౌమాధికారాలు ఎదురెదురుగా కూర్చుని, అంశాలవారీగా రాసుకుని, సంతకాలు చేసుకునే ఒడంబడిక అది. ఉల్లంఘన జరిగినప్పుడు ఫిర్యాదు చేయడానికి కాగితం ఉంటుంది. కాగితంలో లేని సంగతి మీద మాట్లాడటానికి మాత్రం ఆధారం ఉండదు. తర్వాతి కథలో ఎక్కువ భాగం ఈ తేడా నుంచే పుట్టింది.

ఇటలీ: లాటెరన్ సంతకాలు

1870 సెప్టెంబరు 20న ఇటలీ సైన్యం రోమును పట్టుకున్నాక పోపు తనను తాను వాటికన్ ఖైదీగా ప్రకటించుకున్నాడు. ఆ చిక్కుముడిని విప్పిన ఘనత కోసం ముస్సోలినీ ఎదురుచూశాడు. యవ్వనంలో దేవుణ్ణీ పాదిరీలనూ తిట్టిపోసిన మనిషికి అధికారంలోకి వచ్చాక చర్చి ఆశీర్వాదం ఎంత విలువైనదో తెలిసింది. మిలాను ఆర్చిబిషప్‌గా ఉండి 1922 ఫిబ్రవరిలో పోపు అయిన పదకొండో పయస్‌కు కూడా, పార్లమెంటు పార్టీలతో బేరాలాడటం కన్నా ఒక్క బలమైన నాయకుడితో తేల్చుకోవడం సులువనిపించింది. మధ్యలో నలిగింది కథోలికుల సొంత పార్టీ. 1919లో డాన్ లుయిజీ స్తుర్జో అనే గురువు స్థాపించిన పాపులర్ పార్టీ ఫాసిస్టులకు అడ్డు నిలుస్తున్న రోజుల్లోనే, 1923లో, వాటికన్ ఒత్తిడితో ఆయన నాయకత్వం వదులుకున్నాడు. 1924లో దేశమే వదిలాడు.

1929 ఫిబ్రవరి 11న లాటెరన్ భవనంలో ముస్సోలినీ, కార్డినల్ పియెత్రో గాస్పారి మూడు పత్రాల మీద సంతకాలు చేశారు. మొదటిది 44 హెక్టార్ల వాటికన్‌ను స్వతంత్ర రాజ్యంగా గుర్తించింది. రెండోది 75 కోట్ల లీరాల నగదును, వంద కోట్ల లీరాల ప్రభుత్వ బాండ్లను పరిహారంగా ఇచ్చింది. మూడోదే కాంకోర్డాట్: చర్చి పెళ్లికి చట్టబద్ధత, బడుల్లో మతబోధ, రాజకీయాలకు దూరంగా ఉన్నంతకాలం కథోలిక్ యాక్షన్ సంఘాలకు రక్షణ. ఆ 'ఉన్నంతకాలం' అనే మాటే తర్వాత మెడకు చుట్టుకుంది. రెండేళ్లు దాటిన కొద్దికాలానికే ఫాసిస్టులు ఆ సంఘాల యువజన శాఖలను మూసేశారు. 1931 జూన్ 29న పోపు విడుదల చేసిన విశ్వలేఖ రాజ్యారాధనను అన్యమతారాధనగా తప్పుపట్టింది. సెప్టెంబరుకల్లా రాజీ కుదిరింది. సంఘాలు బతికాయి, పంజరంలో.

1935 అక్టోబరులో ఇథియోపియా మీద దండయాత్ర మొదలైనప్పుడు ఒడంబడికలోని ఏ అంశమూ దెబ్బతినలేదు. మిలాను కార్డినల్ షుస్టర్ ఆ యుద్ధాన్ని వేదిక ఎక్కి మెచ్చుకున్నాడు. డిసెంబరు 18న దేశమంతటా ఆడవాళ్లు పెళ్లి ఉంగరాలు యుద్ధనిధికి ఇచ్చిన కార్యక్రమంలో బిషప్పులు కూడా పాల్గొన్నారు. దాడికి గురైన ఇథియోపియా ప్రపంచంలోకెల్లా ప్రాచీనమైన క్రైస్తవ రాజ్యాల్లో ఒకటి. ఆ సంగతి కూడా అడ్డు రాలేదు. 1938 నవంబరు జాతి చట్టాల దగ్గర మాత్రం వాటికన్ అధికారికంగా అభ్యంతరం చెప్పింది. అది ప్రధానంగా, బాప్తిస్మం పొందిన యూదులకూ కథోలికులకూ మధ్య పెళ్లిళ్లను ఆ చట్టం చెల్లనివ్వనందుకు, అంటే కాంకోర్డాట్‌కు గాయమైనందుకు. అదే సంవత్సరం సెప్టెంబరులో కొందరు యాత్రికుల ఎదుట పదకొండో పయస్ కన్నీళ్లతో, ఆధ్యాత్మికంగా మనమంతా యూదుల సంతతే అన్న అర్థం వచ్చేలా మాట్లాడాడు. మనిషిగా పోపు చెప్పినదానికీ, సంస్థగా వాటికన్ రాసినదానికీ మధ్య ఉన్న దూరం ఇక్కడ కనిపించినంత స్పష్టంగా మరెక్కడా కనిపించదు.

ఒడంబడిక లేని చిన్న సంఘాల మాట వేరు. 1935 ఏప్రిల్ 9న హోం శాఖ జారీచేసిన సర్క్యులర్ పెంతెకొస్తు ఆరాధనను జాతి శారీరక, మానసిక ఆరోగ్యానికి హానికరమంటూ నిషేధించింది. ఆ ఉత్తర్వును అడ్డుకోవడానికి పెద్ద చర్చి కదల్లేదు.

జర్మనీ: రక్తం ప్రశ్న

జర్మనీలో మూడింట రెండొంతుల మంది ప్రొటెస్టంట్లు, ఒక వంతు కథోలికులు. కథోలికుల దారి ఇటలీ దారే, ఇంకా వేగంగా. 1933 మార్చి 23న సెంటర్ పార్టీ హిట్లర్‌కు సర్వాధికారాలిచ్చే చట్టానికి ఓటేసింది, జూలై 5న తనను తాను రద్దు చేసుకుంది, జూలై 20న రోములో కార్డినల్ పచెల్లీ, వైస్ ఛాన్సలర్ ఫాన్ పాపెన్ కాంకోర్డాట్‌పై సంతకాలు చేశారు. గురువులు పార్టీ రాజకీయాల్లో ఉండకూడదన్నది అందులో ఒక షరతు. ఉల్లంఘనలు లెక్కకు మించాక, 1937 మార్చి 21న, మట్టల ఆదివారం నాడు, పోపు జర్మన్ భాషలో రాసిన విశ్వలేఖను దేశమంతా గుళ్లలో చదివారు. దాన్ని రహస్యంగా దేశంలోకి తెచ్చి, రాత్రికి రాత్రి అచ్చువేశారు; అచ్చువేసిన ముద్రణాలయాలను ప్రభుత్వం జప్తు చేసుకుంది.

ప్రొటెస్టంట్ల గొడవ లోపలి నుంచే మొదలైంది. 28 ప్రాంతీయ సంఘాలను ఒక్కటి చేసి, ఫ్యూరర్ పద్ధతిలో ఒకే బిషప్ కింద పెట్టాలని 'జర్మన్ క్రైస్తవులు' అనే వర్గం పట్టుబట్టింది. 1933 జూలై సంఘ ఎన్నికల్లో అది గెలిచింది, సెప్టెంబరులో లుడ్విగ్ ముల్లర్ రైఖ్ బిషప్ అయ్యాడు. అదే నెలలో ప్రష్యా సినడ్ యూదు సంతతి పాస్టర్లకు సంఘంలో చోటు లేదన్న 'ఆర్య నిబంధన'ను ఆమోదించింది. దానికి జవాబుగా మార్టిన్ నీమొల్లర్ పాస్టర్ల అత్యవసర సంఘాన్ని లేపాడు. 1934 మే 29 నుంచి 31 వరకు బార్మెన్‌లో జరిగిన సినడ్, కార్ల్ బార్త్ ప్రధానంగా రాసిన ప్రకటనను ఆమోదించి, సంఘానికి క్రీస్తు తప్ప మరో ప్రభువు లేడని తేల్చిచెప్పింది. అయితే ఆ ప్రకటనలో యూదులన్న మాటే లేదు. సంఘం లోపలి స్వేచ్ఛ కోసం జైలుకు వెళ్లడానికి సిద్ధపడినవాళ్లలో కూడా చాలామంది, వీధిలో పగిలిన యూదుల దుకాణాల గురించి పల్లెత్తు మాట అనలేదు. తన లోపాన్ని నీమొల్లరే యుద్ధం తర్వాత ఒప్పుకున్నాడు. 1937 జూలై 1న అరెస్టయిన ఆయన 1945 దాకా జైలులోనూ నిర్బంధ శిబిరాల్లోనూ ఉన్నాడు.

మినహాయింపులు లేకపోలేదు. 1941 ఆగస్టు 3న మున్‌స్టర్ బిషప్ ఫాన్ గాలెన్, మానసిక రోగులను ప్రభుత్వమే చంపుతోందని వేదిక మీదే బయటపెట్టాడు. అప్పటికి సుమారు 70,000 మంది చనిపోయారు. అదే నెల 24న హిట్లర్ ఆ కార్యక్రమాన్ని ఆపమన్నాడు, తర్వాత అది చాటుగా సాగింది. యెహోవాసాక్షులు ఏ ఒడంబడికా లేకుండానే సెల్యూటూ తుపాకీ రెండూ కాదని, వేల సంఖ్యలో జైళ్లకు, శిబిరాలకు వెళ్లారు. నాజీలను ప్రతిఘటించిన పాస్టర్ డీట్రిఖ్ బాన్‌హోఫర్‌ను 1945 ఏప్రిల్ 9న ఉరితీశారు. ఈయన కథలో భారతదేశానికి ఒక చిన్న చోటుంది: అహింసా ప్రతిఘటన నేర్చుకోవాలని ఆయన కోరితే, 1934 నవంబరులో గాంధీ తన ఆశ్రమానికి రమ్మని ఉత్తరం రాశాడు. ఆయన రాలేకపోయాడు, 1935లో రహస్యానికి దగ్గరగా నడిచే పాస్టర్ల శిక్షణాలయాన్ని నెత్తికెత్తుకున్నాడు.

తాంబరం, దోర్నకల్

1938 డిసెంబరు 12 నుంచి 29 వరకు మద్రాసు పక్కనున్న తాంబరంలో అంతర్జాతీయ మిషనరీ మండలి సభ జరిగింది. 69 దేశాల నుంచి 471 మంది వచ్చారు. జర్మనీలో యూదుల ప్రార్థనా మందిరాలు తగలబడి అప్పటికి నెల దాటింది. జర్మన్ ప్రతినిధులూ ఆ సభలో కూర్చున్నారు. సంఘం ఈ లోక రాజకీయ, సామాజిక మార్పును తన పనిగా భావించడాన్ని ఒప్పుకోని వాళ్లు, యుగాంత నిరీక్షణను ముందుంచి విడిగా ఒక ప్రకటన ఇచ్చారు. ఇంటికి తిరిగి వెళ్లి నాజీ పోలీసులకు జవాబు చెప్పుకోవాల్సినవాళ్ల మాటల్లో, ఎంత వేదాంతమో ఎంత జాగ్రత్తో విడదీయడం కష్టం.

ఆతిథ్యమిచ్చిన భారత క్రైస్తవ మండలికి అధ్యక్షుడు దోర్నకల్ బిషప్ వేదనాయకం సామ్యూల్ అజరయ్య. 1912లో అభిషేకం పొందిన ఆయన ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్. ఆయన పీఠం నిజాం రాజ్యంలోనే ఉండేది. జర్మన్ వివాదానికీ ఆయన పనికీ మధ్య ఒక పోలిక గమనించదగ్గది. సంఘంలో స్థానాన్ని రక్తం నిర్ణయించవచ్చా అన్నదే ఆర్య నిబంధన లేవనెత్తిన ప్రశ్న. తెలుగు సంఘాల్లో అదే ప్రశ్న కులం రూపంలో, మాల మాదిగ పల్లెల మధ్య, ఒకే గిన్నెలో ప్రభురాత్రి భోజనం పుచ్చుకునే దగ్గర ఎదురయ్యేది. అజరయ్య ఆ గిన్నె ఒక్కటే కావాలని పట్టుబట్టాడు. క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలనూ ఆయన వ్యతిరేకించాడు: సంఘం ఒక రాజకీయ తెగగా మారకూడదన్నది ఆయన వాదన. తాంబరం సభ ముగిసిన ఎనిమిదో రోజున, 1939 జనవరి 6న, దోర్నకల్ కథీడ్రల్ ప్రతిష్ఠ జరిగింది.

మిలాను గురువులు, శత్రుదేశస్థులు

కరీంనగర్ ప్రాంతపు క్రైస్తవులకు ఐరోపా రాజకీయం పత్రికల్లోని వార్త మాత్రమే కాదు. ఇక్కడి ప్రొటెస్టంట్ పని బ్రిటన్‌కు చెందిన వెస్లియన్ మెథడిస్టులది. కథోలిక్ పని ఇటలీవాళ్లది: హైదరాబాదు మిషన్ 1855 నుంచి మిలాను మిషనరీల చేతిలో ఉంది. 1926లో పదకొండో పయస్ ఆ మిలాను సంస్థనూ రోములోని మరో సంస్థనూ కలిపి పాంటిఫికల్ విదేశీ మిషన్ల సంస్థగా మార్చాడు. హైదరాబాదుకు 1909 నుంచి 1948 దాకా పీఠాధిపతి దియొనీజియో విస్మారా. 1937లో ఏర్పడిన బెజవాడ మేత్రాసనానికి మొదటి బిషప్ దొమెనికో గ్రాస్సి. ఇద్దరూ ఇటాలియన్లే. లాటెరన్ ఒప్పందం ఈ గురువుల మాతృదేశాన్నీ మాతృసంఘాన్నీ మళ్లీ కలిపింది. 1940 జూన్ 10న ముస్సోలినీ యుద్ధంలోకి దిగడంతో అదే మాతృదేశం వాళ్లను బ్రిటిష్ ప్రభుత్వం దృష్టిలో శత్రుదేశస్థులుగా మార్చింది. భారతదేశంలో ఉన్న జర్మన్లకు ఆ గతి 1939 సెప్టెంబరులోనే పట్టింది. అహ్మద్‌నగర్‌లోనూ, తర్వాత డెహ్రాడూన్‌లోనూ నడిచిన నిర్బంధ శిబిరాల్లో నాజీ పార్టీ సభ్యులూ, నాజీల నుంచి పారిపోయి వచ్చినవాళ్లూ, బైబిలు చేతపట్టుకు తిరిగిన మిషనరీలూ ఒకే ముళ్లకంచె వెనక ఉన్నారు. జయపురం, సాలూరు, పార్వతీపురం వైపు పనిచేసిన బ్రెక్లుమ్ లూథరన్ మిషన్‌కు ఇది రెండో దెబ్బ. మొదటి ప్రపంచ యుద్ధంలో దాని జర్మన్ మిషనరీలను పంపేస్తే, పనిని అమెరికన్ లూథరన్లు చూసుకోవాల్సి వచ్చింది.

ఇక్కడి సంఘాలు ఏ ఒడంబడిక మీదా సంతకం చేయలేదు. అయినా మాలపల్లిలోని ఒక ఇంటి పిల్లవాడికి బాప్తిస్మమిచ్చిన గురువు ఇటలీ పౌరుడైతే, పక్కవాడకు బ్రిటిష్ పాస్టరు వస్తే, ఆ రెండు వాడల పెద్దలూ యుద్ధంలో చెరో వైపు ఉన్న దేశాల మనుషుల కింద ఉన్నట్టే. తెలుగు గురువులూ పాస్టర్లూ పగ్గాలు పట్టుకోవాలన్న ఆలోచనకు ఇంతకన్నా బలమైన వాదన ఎవరూ చేయనక్కర్లేకపోయింది.

1947–48: 'ఫాసిస్టు' అన్న మాట ఇక్కడ చెల్లుతుందా?

హైదరాబాదు సంస్థానంలో ముస్లింల రాజకీయ సంస్థ ఇత్తెహాదుల్ ముస్లిమీన్ 1927లో పుట్టింది. సార్వభౌమత్వం నిజాంది కాదు, ముస్లిం సముదాయానిదే అన్న 'అనల్ మాలిక్' సిద్ధాంతానికి బహదూర్ యార్ జంగ్ ప్రాచుర్యం తెచ్చాడు. 1946లో ఖాసిం రజ్వీ నాయకుడయ్యాక దాని దళాలైన రజాకార్లు యూనిఫాంతో, ఆయుధాలతో ఊళ్ల మీద పడ్డారు. కాంగ్రెసు, కమ్యూనిస్టులు ఇద్దరూ వాళ్లను ఫాసిస్టులనే పిలిచారు. సముదాయమే రాజ్యమన్న భావన, సైనిక దుస్తుల్లోని దళాలు, భయం: ఇవన్నీ ఆ పోలికకు బలమిస్తాయి. కానీ సింహాసనం మీద పాతకాలపు వంశపు రాజే ఉన్నాడు. బడినీ పెళ్లినీ కార్మిక సంఘాన్నీ మింగేసే యంత్రాంగాన్ని కట్టడానికి రజాకార్లకు రెండేళ్లు కూడా దక్కలేదు. 'ఫాసిస్టు ధోరణి' అనడం సరిపోతుంది; 'ఫాసిస్టు రాజ్యం' అనడం అతిశయోక్తి.

చర్చితో సంబంధంలో కూడా తేడా ఉంది. నిజాం పాలనలో క్రైస్తవ సంఘాలు అనుమతులతో, ఇనాం కాలపు అలవాట్లతో నడిచాయి. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించిన మెదక్ కథీడ్రల్ ఆ పద్ధతిలో లేచినదే. బేరమాడే బలం వాటికి లేదు, బేరం పెట్టాల్సిన అవసరం రాజుకూ లేదు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు మెదక్, దోర్నకల్ మేత్రాసనాలు ఒక దేశపు సంఘంలో చేరాయి, వాటి పీఠాలున్న ప్రాంతం మాత్రం ఇంకా ఆ దేశంలో చేరలేదు. మెదక్ మొదటి బిషప్ ఫ్రాంక్ విటేకర్ ఏడాదిపాటు ఆ విచిత్ర స్థితిలో పనిచేశాడు. 1948 సెప్టెంబరు 13న మొదలైన పోలీసు చర్యతో అది తీరింది.

మిలాను గురువుల పని యుద్ధంతో ఆగలేదు. 1952 డిసెంబరులో హైదరాబాదు నుంచి విడదీసిన వరంగల్ మేత్రాసనంలో కరీంనగర్ కలిసింది. దానికి 1953 నుంచి 1985 దాకా బిషప్ అల్ఫోన్సో బెరెట్టా, ఆయనా ఇటాలియనే. ముస్సోలినీ సంతకం చేసిన కాంకోర్డాట్‌ను ఇటలీ గణతంత్రం 1984 ఫిబ్రవరి 18న సవరించుకుంది. కథోలిక మతం ఇకపై రాజ్య మతం కాదని అందులో రాసుకున్నారు.