గుర్రం మీది రాజు, వెనక నడిచిన మన్యం

దగ్గరికి జరగండర్రా. ఈ డబ్లిన్ చలి కూడా ఒక చలేనా! చలంటే మా మన్యం కొండల్లోని లంబసింగిది. నర్సీపట్నం నించి ఆ లంబసింగికి రోడ్డు వేయించేటప్పుడే రాజుకుంది గొడవ. గూడెంలో బాస్టియన్ అని ఒక డిప్యూటీ తాసీల్దారు ఉండేవాడు. కొండవాళ్ల చేత వెట్టి చేయించి, కూలి ఎగ్గొట్టేవాడు. అప్పటికే 1882 అడవి చట్టం వచ్చి అడవిలో పోడు వ్యవసాయం చేసుకోవడమే నేరమంది. తరతరాలుగా బతికిన అడవిలో తాము దొంగలైతే ఎవరూరుకుంటారు?

ఆర్‌ఆర్‌ఆర్ చూసి, "తాతయ్యా, రామరాజు నిజంగా ఉన్నాడా?" అన్నారు కదూ! ఉన్నాడమ్మా, ఆ కొండవాళ్ల గొడవకి నాయకుడై నిలిచింది ఆయనే. మా ఈడువాళ్లకి ఆయన్ని కళ్లకు కట్టించినవాడు సినిమా హీరో కృష్ణ. 1974 మే 1న వచ్చింది 'అల్లూరి సీతారామరాజు'. కృష్ణకి నూరో సినిమా, తెలుగులో తొలి సినిమాస్కోపు. దర్శకుడు వి. రామచంద్రరావు గారు మధ్యలోనే కన్నుమూస్తే, మిగతాది కృష్ణే పూర్తిచేశాడు. శ్రీశ్రీ పాటకి జాతీయ అవార్డొచ్చింది. ఆ పాట పాడిన ఘంటసాల గారు సినిమా రాకముందే పోయారు. హాల్లో ఆ గొంతు వినబడగానే ఈలలు ఆగిపోయి, పక్కవాళ్లు కండువాతో కళ్లొత్తుకున్నారు.

ఇక అసలు జరిగింది వినండి. 1922 ఆగస్టులో రాజు, ఆయన మనుషులు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లని వరసగా మూడు రోజుల్లో కొట్టారు. ఎత్తుకెళ్లిన తుపాకుల లెక్క స్టేషన్ పుస్తకంలో రాసి సంతకం పెట్టాడు రాజు. దొంగతనం కాదురా, మీతో యుద్ధం అని చెప్పినట్టు. సెప్టెంబరులో దామనపల్లి దగ్గర స్కాట్ కవర్డ్, హైటర్ అనే దొరలిద్దరూ పడిపోయారు. తెల్లవాళ్లు రెండేళ్లు తిరిగీ తిరిగీ, 1924 మే 7న కొయ్యూరులో రాజుని పట్టి కాల్చేశారు.

ఇలాంటి తిరుగుబాటు మీదే ఇటలీ దర్శకుడు పొంటెకోర్వో 1966లో 'బ్యాటిల్ ఆఫ్ ఆల్జీర్స్' అని ఒక సినిమా తీశాడు. ఫ్రెంచివాళ్ల మీద అల్జీరియా జనం తిరుగుబాటు కథ. పోరాటంలో నాయకుడైన సాదీ యాసెఫే అందులో వేషం కట్టాడు. 2003లో, ఇరాక్ యుద్ధం రోజుల్లో, అమెరికా సైన్యం పెంటగాన్ వాళ్లు దాన్ని వేసుకుని చూశారు. ఊరంతా ఎందుకు ఎదురు తిరుగుతుందో తెలుసుకోవాలని అంతటి సైన్యానికీ అనిపించింది మరి. అందులో హీరో ఒకడు కాదు, సందుల్లోంచి వచ్చే జనం.

మన సినిమాలో రాజు మీంచి చూపు తిప్పనివ్వరు. అది కృష్ణ తప్పని కాదు, మేము టిక్కెట్టు కొన్నదే అందుకు. కానీ ఆయన వెంట నిలిచిన గాం గంటందొర లేకపోతే, మల్లుదొర లేకపోతే, కొండ దారులు చూపి గంజి పోసిన ఆడవాళ్లు లేకపోతే రాజు రెండేళ్లు నిలబడేవాడా? మల్లుదొర అండమాన్ జైలు చూసొచ్చి, 1952లో విశాఖ నించి పార్లమెంటుకి వెళ్లాడు. ఆయన మీద సినిమా ఏదిరా?

పాత కథ అనుకునేరు! 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చినా పోడు పట్టాల కోసం ఇంకా తిరుగుతున్నారు. చింతపల్లి కొండల్లో బాక్సైట్ తవ్వుకోమని 2015లో ఇచ్చిన జీవో మీద మన్యం మళ్లీ లేచింది. 2019లో దాన్ని రద్దు చేశారు. 2022లో పాడేరు కేంద్రంగా జిల్లా చేసి రాజు పేరు పెట్టారు. సంతోషమే. జిల్లాకి ఆయన పేరు పెట్టినవాళ్లు భూమి ఆ కొండవాళ్లకివ్వాలా వద్దా? ఈసారి సినిమా పెట్టినప్పుడు గుర్రం మీదున్నాయన్ని చూడండి, ఈల కూడా వెయ్యండి. కానీ వెనకాల విల్లంబులు పట్టుకు నడిచేవాళ్లకి ఏం కావాలో నన్నడగండి. అసలు కథ అక్కడుంది.