మూడవ చేయి: బిలియర్డ్స్ బల్లపై ఊతకర్ర కథ

చేతికి అందని వస్తువు కొరకు మానవుడు కర్ర పట్టినాడు. చిటారు కొమ్మనున్న మామిడికాయ కొరకు దోటీ కట్టినాడు. పందిరి వాలకుండ పంగకర్ర నిలిపినాడు. అందుకొనుట, ఆనించుట అనే ఈ రెండు పనులను కలిపి చేయు ఒక చిన్న సాధనం బిలియర్డ్స్, స్నూకర్, పూల్ ఆటలలో ఉన్నది. ఇంగ్లండులో దానిని రెస్టు అనియు, అమెరికాలో బ్రిడ్జి, అనగా వంతెన, అనియు అందురు. తెలుగున ఊతకర్ర అనవచ్చును. చూచుటకు అల్పమైనదే గాని, దాని వెనుక ఆట చరిత్రయు, యంత్రశాస్త్రమును దాగియున్నవి.

గద నుండి తోక వరకు

బిలియర్డ్స్ మొదట ఐరోపాలో పచ్చికపై ఆడిన బంతియాట. 15వ శతాబ్దంలో ఫ్రాన్సు రాజు పదకొండవ లూయీ కాలమునకు అది ఇంటిలోని బల్లపైకి ఎక్కినది. బల్లకు పరచిన పచ్చ బనాతు ఆ పచ్చికకు గుర్తుగా మిగిలినదే. 1674లో ఛార్లెస్ కాటన్ ఇంగ్లీషులో ప్రకటించిన ఆటల పుస్తకంలో దీని నియమాలు కూడ ఉన్నవి.

ఆ రోజులలో బంతిని కొట్టుటకు క్యూకర్ర లేదు. కొసన బరువైన దిమ్మగల గద వంటి సాధనంతో ఆటగాడు బంతిని నెట్టెడివాడు. బంతి బల్ల అంచునకు చేరినప్పుడు ఆ దిమ్మ ఇమడక చిక్కు వచ్చెడిది. అప్పుడు గదను త్రిప్పి, సన్నని పిడితో కొట్టెడివారు. ఫ్రెంచి భాషలో తోకకు గల పేరే క్యూ. ఈ విధముగ తోకయే క్రమముగ అసలు ఆయుధమై, గద మూలబడినది.

అయితే సన్నని కర్ర కొసకు ఒక ఆధారం కావలెను. కుడిచేయి కర్రను నడుపగా, ఎడమచేతి వ్రేళ్ళు బల్లపై ఆని, బొటనవ్రేలి ప్రక్క గాడిలో కర్రను మోసినవి. చేతివంతెన అనగా ఇదే. ఆ చేయి అందని చోట దాని పనిని చేయుటకే ఊతకర్ర ఏర్పడినది.

సాధనాలు పెరిగిన శతాబ్దం

19వ శతాబ్దం ఈ ఆటకు విజ్ఞానయుగం. ఫ్రాన్సులో కెప్టెన్ మాంగో 1807 ప్రాంతమున క్యూకర్ర మొనకు తోలు బిళ్ళ అతికించినాడు. బంతి కేంద్రమునకు ప్రక్కగా కొట్టినను మొన జారకుండుటచే, బంతికి కోరిన గిరక వేయుట సాధ్యమైనది. ఇంగ్లండులో జాన్ థర్‌స్టన్ 1826లో కొయ్యకు బదులు పలకరాయిని బల్లగా అమర్చినాడు. మన మార్కాపురం పలకలు ఏ జాతి రాతివో, ఇదియు అదే జాతి రాయి. కొయ్య వలె అది తేమకు వంగదు. 1835లో అతడే అంచులకు రబ్బరు వేసినాడు. అది చలికి బిగిసిపోవుచుండుటచే, 1845లో గంధకంతో కాచిన రబ్బరును వాడినాడు. ఏనుగు దంతపు బంతులకు బదులుగ మరొక పదార్థం వెదకుచు అమెరికాలో జాన్ హయట్ 1869లో సెల్యులాయిడ్‌ను తయారుచేసినాడు.

ఈ మార్పులతో ఆటలో సూక్ష్మత పెరిగినది. వెంట్రుకవాసి తేడాకు ఫలితం మారసాగినది. చేయి అందదను సాకుతో ఎట్లో కొట్టి ఊరుకొనుట ఇక కుదరదు.

బల్ల పెద్దది, చేయి చిన్నది

మన ఇండ్లలోని క్యారమ్స్ బల్ల ఆటస్థలం సుమారు 74 సెంటీమీటర్ల చదరం. కూర్చున్నచోటినుండియే చేయి అంతటను అందును. స్నూకర్ బల్ల 12 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు. పూల్ ఆట పెద్ద బల్ల 9 అడుగుల పొడవు, నాలుగున్నర అడుగుల వెడల్పు. కొట్టునప్పుడు ఒక పాదమైనను నేలను తాకియుండవలెనని నియమం. కావున బల్లపైకి ఎక్కి ఆడుటకు వీలులేదు. పొడవైన ఆటగాడు కూడ నట్టనడుమ బంతిని కొన్ని దిక్కులనుండి అందుకొనజాలడు. పొట్టివారికి, బాలబాలికలకు ఈ అవసరం మరింత తరచుగా వచ్చును. ఒక చేయి మాత్రమే గల ఆటగానికి ఊతకర్ర రెండవ చేయియే.

అయినను ఈ సాధనమునకు చాలకాలం గౌరవం దక్కలేదు. అమెరికాలో కొందరు దానిని ఆడవారి ఆసరా అని ఎగతాళి చేసినారు. కాని దానికి సిగ్గుపడి మేను సాగదీసి ఒంటికాలిపై తూలుచు కొట్టువాడు బంతిని పోగొట్టుకొనును. ఊతకర్ర తీసికొన్నవాడు ఆటను నిలుపుకొనును.

శిలువ, సాలీడు, హంస

ఊతకర్ర తలలు పలురకాలు. సాధారణమైనది ఇత్తడితో చేసిన ఇంటూ గుర్తు ఆకారపు శిలువ. దాని రెండు కాళ్ళు బనాతుపై ఆనును. పై పంగలో క్యూకర్ర జారును. దానిని ప్రక్కకు త్రిప్పినచో ఎత్తు మారును. అడ్డముగా మరొక బంతి ఉన్నచో, ఎత్తైన కాళ్ళుగల సాలీడు తలను వాడుదురు. బంతులు గుంపుగా ఉన్నచో మెడ ముందుకు చాచిన హంసమెడ తల ఉపయోగించును. ఊతకర్ర ఏ బంతిని తాకినను తప్పే.

ఎత్తు పెరిగినకొలది కష్టమును పెరుగును. క్యూకర్ర 10 డిగ్రీలు క్రిందికి వాలినచో, దెబ్బలో సుమారు 17 శాతమునకు సమానమైన భాగం బంతిని బల్లకు అదుమును. అప్పుడు కొంచెం ప్రక్కగా తగిలినను బంతి వంకరదారి పట్టును.

గట్టిదనం ఎందుకు?

ఒక చిన్న లెక్క చూడుడు. ఆధారం మొననుండి 25 సెంటీమీటర్ల దూరంలోను, వెనుక చేయి ఆధారమునుండి 100 సెంటీమీటర్ల దూరంలోను ఉన్నవనుకొందము. చేయి 1 సెంటీమీటరు ప్రక్కకు కదలినచో మొన రెండున్నర మిల్లీమీటర్లు ఎదురుదిక్కునకు జరుగును. ఆధారమును మొనకు 50 సెంటీమీటర్ల దూరమున పెట్టినచో అదే పొరపాటు సుమారు 7 మిల్లీమీటర్లగును. స్నూకర్ బంతి వ్యాసం 52.5 మిల్లీమీటర్లే, కనుక ఇది చిన్న తేడా కాదు. ఇక ఆధారమే 2 మిల్లీమీటర్లు ఊగినచో, వెనుక చేయి నిలకడగ ఉన్నను, మొన రెండున్నర మిల్లీమీటర్లు తప్పును. ఊత ఊగినచో దాని తప్పు కూడ మొన వద్ద పెరుగునన్నమాట. కావుననే ఊతకర్రను గాలిలో పట్టక, దాని పిడిని కూడ బల్లపై పరచి, ఒక చేతితో అదిమిపట్టవలెను. తలయొక్క రెండు కాళ్ళు, పిడి కలిసి మూడు ఆధారాలగును. మూడు కాళ్ళ పీట ఎగుడుదిగుడు నేలపైనను కుంటదు గదా!

ఏటికొప్పాక తరిణె

ఇదే సూత్రం కశింకోటకు నైరుతిగా, వరాహనది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకలో ప్రతిదినం కన్పించును. అక్కడి పనివారు అంకుడు కర్రను తరిణెపై త్రిప్పుచు బొమ్మలు చెక్కుదురు. త్రిప్పుటకు త్రాడు పోయి విద్యుత్తు మోటారు వచ్చినను, ఉలిని మాత్రం గాలిలో పట్టరు. తిరుగుచున్న కర్రకు అతి సమీపమున ఒక ఊతపై ఆనింతురు. ఊత దూరమైనచో ఉలి అదరును. తరువాత లక్కను అదిమినచో రాపిడి వేడికి అది కరగి కర్రకు పట్టును. ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. తరిణె ఊతయు, బిలియర్డ్స్ ఊతయు ఒకే పాఠం చెప్పును: పనిచేయు కొసకు దగ్గరగ ఆధారముండవలెను.

అంకుడు మెత్తని, తేలికైన కర్ర, చెక్కుటకు అనువైనది. క్యూకర్రకు మాత్రం యాష్, మేపుల్ వంటి గట్టి కర్రలు కావలెను.

మోసుకుపోగల ఊత

స్నూకర్ మన దేశముననే పుట్టినది. 1875లో జబల్‌పూరులో సైనికాధికారి నెవిల్ ఛాంబర్లేన్ దానిని రూపొందించినాడు. నాడు మన విశాఖపట్టణ మండలం ఉన్న మద్రాసు రాజధానిలోనే, ఉదకమండలం క్లబ్బులో దాని నియమాలు కుదురుకొన్నవి. 1958లో కలకత్తాలో విల్సన్ జోన్స్ ప్రపంచ అమెచ్యూర్ బిలియర్డ్స్ విజేతయై ఆ బిరుదు పొందిన తొలి భారతీయుడైనాడు. 1964లో న్యూజీలాండులో మరల గెలిచినాడు.

క్లబ్బుల గోడకు తగిలించిన నిలువెత్తు ఊతకర్రను వెంట తీసికొనిపోవుట కష్టం. అందుచే రెండు ముక్కలుగ విడదీసి మరలతో బిగించునవి, మరొక క్యూకర్ర కొసకు తొడుగగల విడి తలలు వచ్చినవి. తేలిక చేసినచో నిలకడ తగ్గును. అతుకు పెట్టినచో అక్కడ ఊగుట మొదలగును. కోస్తా తేమగాలికి కర్ర అన్నివైపుల సమముగ ఉబ్బనిచో వంగును. కొనువారు కర్రను బల్లపై దొర్లించి వంకర చూడవలెను. మరను బిగించి అతుకు కదలునేమో పరీక్షింపవలెను. బనాతు చిరుగకుండ కాళ్ళ అంచులు గుండ్రముగ ఉన్నవో లేవో వ్రేలితో తడవి చూడవలెను.

చేతికి హద్దున్నది. ఆ హద్దును ఒప్పుకొని దానికి తగిన సాధనం కల్పించుకొనుట లోపం కాదు. సాంకేతిక విద్యకు మొదటి మెట్టు అదే.