ముషీరాబాద్: కర్మాగారం గేటు నుంచి ఉక్కు వంతెన దాకా

నియోజకవర్గ చరిత్ర అనగానే మనకు స్ఫురించేది గెలిచినవారి పట్టిక. సంవత్సరం, పేరు, పార్టీ, ఆధిక్యం. రాజుల వంశావళికీ ఈ పట్టికకూ రాతలో పెద్ద తేడా లేదు. ఓట్లు వేసినవారు ఏ పని చేసి బతికారు, ఆ పని ఏమైపోయింది అన్న ప్రశ్నకు అందులో చోటుండదు. హైదరాబాద్ నగరంలోని ముషీరాబాద్ నియోజకవర్గాన్ని ఆ ప్రశ్నతో చూడడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ప్రశ్న వేసింది నిజానికి నేను కాదు, నా తరగతిలోని తొమ్మిదో తరగతి పిల్ల. ఇందిరా పార్కు నుంచి వి.ఎస్.టి. కూడలి దాకా కట్టిన ఉక్కు వంతెనను 2023 ఆగస్టులో ప్రారంభించారు. దానికి నాయిని నర్సింహారెడ్డి పేరు పెట్టారు. ఆ పిల్ల రోజూ ఆ వంతెన కిందనుంచే బడికి వస్తుంది. "ఆయన ఎవరు సార్?" అని అడిగింది. "తెలంగాణ మొదటి హోం మంత్రి" అన్నాను. తప్పు కాదు. కాని ఇంటికి వెళ్ళాక అది సగం జవాబే అనిపించింది.

మిగతా సగం ఆ వంతెన రెండో కొసన, ఆజమాబాద్‌లో ఉంది. నిజాం పాలనలో ఏర్పడిన పారిశ్రామిక వాడ అది. చార్మినార్ సిగరెట్టుకు పేరుపడ్డ వజీర్ సుల్తాన్ కంపెనీ అక్కడిదే. చుట్టూ చిన్నా పెద్దా కర్మాగారాలు. వాటిని ఆనుకుని రాంనగర్, బాగ్‌లింగంపల్లి, ముషీరాబాద్ బస్తీలు. మా బాపు అక్కడి ఒక కర్మాగారంలో ఫిట్టరు. మా ఇంట్లో గడియారం కంటే ముందు సైరన్ ఉండేది.

ఈ ఓటర్లు ఎన్నుకున్న మనిషి టంగుటూరి అంజయ్య. ఆల్విన్‌లో దినకూలీగా మొదలై కార్మిక సంఘ నాయకుడై, 1960లలో ఇక్కడినుంచి శాసనసభకు వెళ్ళాడు. 1972లోనూ గెలిచాడు. కూలీ చేసిన చేయి చట్టసభలో లేవడం చిన్న విషయం కాదు. అయితే ఆయన సంఘం పాలకపక్షానికి అనుబంధం. కార్మికుల తరఫున ప్రభుత్వాన్ని అడగవలసినవాడూ, ప్రభుత్వం తరఫున కార్మికులకు నచ్చజెప్పవలసినవాడూ ఒకడే అయినప్పుడు ఏ గొంతు నెగ్గుతుందో వేరే చెప్పనక్కరలేదు.

అంతలో ఎమర్జెన్సీ వచ్చింది. 1975 డిసెంబరు 1న ముషీరాబాద్ జైలులో రైతాంగ పోరాటకారులు భూమయ్య, కిష్టాగౌడ్‌లను ఉరితీశారు. ఆ జైలు స్థలంలోనే ఇప్పుడు గాంధీ ఆసుపత్రి నడుస్తోంది. ఎన్నికల పట్టికలో ఈ తేదీ ఉండదు. కాని ఆ పేటల్లో ఆ తెల్లవారుజామును ఎరిగినవారే మూడేళ్ళు తిరగకుండా పోలింగు కేంద్రాలకు వెళ్ళారు.

1978 ఎన్నిక ఈ నియోజకవర్గ చరిత్రకు గుండెకాయ. రాష్ట్రమంతటా ఇందిరా కాంగ్రెసు గాలి వీస్తే, ఇక్కడ జనతా పార్టీ గెలిచింది. గెలిచింది నాయిని, ఓడింది అంజయ్య. ఒకరు సోషలిస్టు, హింద్ మజ్దూర్ సభ మనిషి, సిగరెట్టు కార్మికుల నాయకుడు, ఎమర్జెన్సీలో జైలుకు వెళ్ళినవాడు. రెండోవారు ఐఎన్‌టీయూసీ మనిషి. "ఇద్దరూ మనోళ్ళే, ఎవరికెయ్యాలె అని రాత్రంత పంచాయితి వెట్టుకున్నం" అనేవాడు బాపు. ఈ మాటను నేను చాలాకాలం తమాషాగా విన్నాను. ఇప్పుడు అసూయగా వింటున్నాను. కార్మికుడికి ఇద్దరు కార్మిక నాయకుల మధ్య ఎంచుకునే అవకాశం ఉన్న రోజు అది.

తర్వాతి కథ తెలిసిందే. అంజయ్య 1980లో ముఖ్యమంత్రి అయ్యాడు. అప్పటికి ఆయన ముషీరాబాద్ ప్రతినిధి కాదు. 1982లో పదవి పోయింది. 1986లో కన్నుమూశాడు. నాయిని 1985లోనూ, 2004లోనూ మళ్ళీ గెలిచాడు. 2008లో తెలంగాణ కోసం రాజీనామా చేయగా, ఉపఎన్నికలో అంజయ్య భార్య మణెమ్మ కాంగ్రెసు తరఫున గెలిచింది, 2009లో కూడా. మధ్యలో కోదండరెడ్డి, లక్ష్మణ్, ఇటీవల 2018, 2023లలో ముఠా గోపాల్. పార్టీలు మారాయి. వాటికన్నా లోతుగా మారింది ఓటరు పని. ఆజమాబాద్ భూముల లీజులపై 1992లో ప్రత్యేక చట్టమే చేయవలసి వచ్చింది. కర్మాగారం చర్చ భూమి చర్చగా మారిందనడానికి అంతకన్నా రుజువు అక్కరలేదు. బాపు పనిచేసిన చోటు మూతపడింది. ఆయన బకాయిల కాగితాలు ఇంకా మా బీరువాలో ఉన్నాయి.

జీవితమంతా ధర్నాల్లో గడిపిన నాయిని హోం మంత్రిగా ఉన్నప్పుడే, 2017లో, ఇందిరా పార్కు దగ్గరి ధర్నా చౌక్‌ను మూసేశారు. 2018లో హైకోర్టు జోక్యంతో అది మళ్ళీ తెరుచుకుంది. ఆయన పేరున్న వంతెన మొదలయ్యేది ఆ చోటి పక్కనే. దీన్ని వ్యక్తి వైఫల్యంగా చూడడం సులువు. కింద సంఘం బలంగా ఉన్నంతకాలం నాయకుడు దానికి జవాబు చెప్పాడు. కింద నేల జారిపోయాక పదవికి జవాబు చెప్పాడు. 2019లో ఆర్టీసీ కార్మికులు 52 రోజులు సమ్మె చేశారు. బస్ భవన్ ఉన్నది ఇదే ముషీరాబాద్‌లో. కాని వాళ్ళ మాటను శాసనసభకు మోసుకుపోయే వంతెన ఆ రోజు ఇక్కడ లేదు.

2023 ఎన్నికల్లో హైదరాబాద్ జిల్లాలో సగంమంది కూడా ఓటు వేయలేదు. నగరవాసి బద్ధకం అని పత్రికలు రాశాయి. నాకు మాత్రం బాపు రాత్రంతా పెట్టుకున్న పంచాయితీ గుర్తుకొచ్చింది. ఎంచుకోవడానికి తనవాడు ఉన్నప్పుడు మనిషి నిద్ర మానుకుని ఆలోచిస్తాడు.

అంజయ్య పేరు ఒక పార్కుకు ఉంది. నాయిని పేరు వంతెనకు ఉంది. వారిని గెలిపించినవారి పేర్లు ఎక్కడా లేవు. పల్లె రైతు మీద మనం రాసినంతగా ఈ పేటల మీద రాయలేదు. ఆ లోటులో మన రచయితలందరితో పాటు నాకూ వాటా ఉంది. అందుకే ఆ పిల్లకు కొత్త ఇంటిపని ఇచ్చాను: "మీ తాత ఏ గేటులోంచి పనికి వెళ్ళేవాడో అడిగి రాసుకురా."

మరునాడు ఆమె ఒకటిన్నర పేజీ రాసుకొచ్చింది. తాత వి.ఎస్.టి.లో లోడింగు పని చేసేవాడట. నాయినికి ఓటేశాడట. నా సగం జవాబుకు మిగతా సగం ఆ నోటు పుస్తకంలో ఉంది.