రూపాయికి నలభై ఎనిమిది

బెజవాడ గవర్నర్‌పేటలో మా నాయనమ్మ ట్రంకుపెట్టె అడుగున నాలుగు పాత వెండి రూపాయలుండేవి. బంగారం తూయించాల్సి వస్తే ఒకటి చెంగున ముడేసుకుని వన్‌టౌన్‌లో కంసాలి దగ్గరికి బయల్దేరేది. ఆ రూపాయి బరువే తులం. కంసాలి తూకపురాళ్లకన్నా ఆవిడకు తన రూపాయి మీదే నమ్మకం.

బర్మింగ్‌హామ్ వచ్చిన కొత్తలో, ఇక్కడి ఆదివారం సంతలో ఒక ముసలాయన నా చేతిలో రాగి పెన్నీ పెట్టాడు. 1797 నాటిది. చూడగానే నాయనమ్మే గుర్తొచ్చింది. చుట్టూ వెడల్పాటి అంచు, అందులోకి దిగిన అక్షరాలు. బండిచక్రంలా ఉంటుందని ఇక్కడివాళ్లు దీన్ని ఆ పేరుతోనే పిలుస్తారు. బరువు ఒక ఔన్సు. రెండు పెన్నీల బిళ్లయితే రెండు ఔన్సులు. వంటిళ్లలో వీటినే తూకపురాళ్లుగా వాడుకున్నారు!

ఇంత బరువు ఎందుకు పెట్టారో తెలుసుకుంటే ఇంగ్లండు చరిత్ర సగం అర్థమవుతుంది. 1775 తర్వాత చాలా ఏళ్లు ఇక్కడి ప్రభుత్వ టంకశాల రాగి నాణేలు కొట్టలేదు. అవతల ఫ్యాక్టరీలు లేస్తున్నాయి. వారం వారం కూలి ఇవ్వాలి, చిల్లరకేమో కటకట. బజారంతా దొంగ నాణేలు. గనుల యజమానులు, వ్యాపారులు సొంత బిళ్లలు కొట్టించి చెలామణీ చేశారు. రాజుల యుద్ధాలకన్నా, కూలి చేతికొచ్చాక అది చెల్లుతుందో లేదో అని చూసుకున్న మనుషులే నాకు ఈ దేశాన్ని దగ్గర చేశారు.

ఆవిరియంత్రాల జేమ్స్ వాట్ భాగస్వామి మాథ్యూ బౌల్టన్, ఈ ఊళ్లోనే సోహోలో ఆవిరితో నడిచే టంకశాల పెట్టాడు. నాణెంలో దాని విలువకు దగ్గరగా రాగి ఉంటే దొంగవాడికి మిగిలేదేమీ ఉండదని అతని లెక్క. 1797లో ప్రభుత్వం రాగి నాణేలు కొట్టే పని అతనికే అప్పగించింది.

అదే సోహోలో 1794లోనూ, 1797లోనూ ఈస్టిండియా కంపెనీవాళ్లు ఉత్తర సర్కారులకు నాణేలు కొట్టించారు. ఉత్తర సర్కారులంటే మన బందరు, ఏలూరు, కొండపల్లి. రూపాయికి 48 అని వాటిలో ఒక రకం మీద ఇంగ్లీషులో రాసి ఉంటుంది. అంటే బర్మింగ్‌హామ్ ఇల్లాలు ఉప్పు కొన్న పెన్నీ, కృష్ణ ఒడ్డున కూలివాడు రొంటిన దోపుకున్న రాగిబిళ్ల ఒకే ఇంట్లో పుట్టాయి. ఇది తెలిసిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

నా దగ్గర సోహోలోనే కొట్టిన 1808 నాటి పది కాసుల బిళ్ల కూడా ఉంది. మద్రాసుకు వెళ్తున్న ‘అడ్మిరల్ గార్డ్‌నర్’ ఓడ 1809 జనవరిలో కెంట్ తీరం దగ్గర గుడ్విన్ ఇసుకమేటల్లో మునిగింది. దాంతోపాటే ఇదీ మునిగి, 1980ల్లో బయటికొచ్చింది. దీని మీద పార్శీ అక్షరాలు ఇప్పటికీ పదునుగా వేలికి తగులుతాయి. పక్కనే పెట్టుకున్న సర్కారుల నాణెం మీద మాత్రం 48లో ఎనిమిది దాదాపు చెరిగిపోయింది. అది మనవాళ్ల చేతుల్లో తిరిగి అరిగింది.